తెల్లకాగితం మీద సంతకం పెట్టకండి

(మండల రైతు సంఘం కార్యకర్తల శిక్షణ తరగతిలో ‘శాంతియుత నిరసన హక్కు – పోలీసు అధికారాలు’ అనే అంశంపై చేసిన ప్రసంగ పాఠం)



ఇందాక టీ తాగేటప్పుడు ఒక చెల్లెలు అడిగింది: “అన్నా, ధర్నాకు పోలీసులు పర్మిషన్ ఇవ్వలేదంటే ఇంక ఇంట్లో కూర్చోవాల్సిందేనా?” ఇవాళ నేను మాట్లాడేదంతా ఆ ప్రశ్నకు జవాబే. నేను పదో తరగతి వరకే చదివాను. వకీలును కాదు. ఈ విషయాలు నేర్చుకున్నది దెబ్బ తిన్నాక. ముందు ఆ దెబ్బ సంగతి చెబుతాను.

నాలుగేళ్ల కిందట డిసెంబరు. కోతలై ధాన్యం కల్లాల్లో ఉంది. మబ్బు పట్టింది. గోతాలు లేవు, లారీ రాదు. తేమ 17 శాతం దాటిందని మిల్లు వాళ్లు బస్తాకు ఇన్ని కిలోలని కోత పెడుతున్నారు. సోమవారం కలెక్టరేట్‌కు వెళ్లి వినతిపత్రం ఇద్దామని సంఘం నిర్ణయించింది. ఆదివారం రాత్రి పడుకున్నాం. తెల్లవారుజామున ఐదింటికి తలుపు కొట్టారు. ఎస్సై గారు పిలుస్తున్నారు, పది నిమిషాల్లో వచ్చేద్దురు గానీ అన్నారు. లుంగీ మీదే వెళ్లాను. సాయంత్రం ఆరింటి దాకా స్టేషన్ వరండాలో కూర్చోబెట్టారు. మా మండలం నుంచి తొమ్మిది మందిమి. ఎందుకు తెచ్చారో చెప్పలేదు. మా పేర్లు ఏ పుస్తకంలోనైనా రాశారో లేదో తెలియదు. మంచినీళ్లు ఇచ్చిన కానిస్టేబుల్ కుర్రాడు నా పక్కకు వచ్చి, “మా నాన్నకీ ధాన్యం డబ్బులు పడలేదు బాబాయ్” అన్నాడు. వాడి మీద నాకు కోపం ఎలా వస్తుంది?

వదిలిపెట్టేటప్పుడు ఒక తెల్లకాగితం ఇచ్చి సంతకం పెట్టమన్నారు. ఇంటికి పోవాలన్న తొందర. మధ్యాహ్నం వాన పడిందని ఫోన్‌లో తెలిసింది, మనసంతా కల్లం మీదే ఉంది. చూసుకోకుండా పెట్టేశాను. తొమ్మిది మందిమీ పెట్టాం. మూడు వారాలకు తహసీల్దారు ఆఫీసు నుంచి నోటీసు వచ్చింది. మేము శాంతిభద్రతలకు భంగం కలిగించే వాళ్లమట, ఏడాది పాటు బుద్ధిగా ఉంటామని ఒక్కొక్కరం లక్ష రూపాయలకు బాండు రాయాలట. ఆధారం ఏమిటయ్యా అంటే, గొడవ చేయబోయామని మేమే ఒప్పుకున్నట్టు రాసిన కాగితం. కింద మా సంతకాలు.

ఆ రోజు రెండు నష్టాలు జరిగాయి. ఒకటి, ధాన్యం తడిసింది. రెండోది, ఆ ఏడాదంతా మా తొమ్మిది ఇళ్లలో ఎవరూ సంఘం మీటింగుకు రానివ్వలేదు. నిర్బంధం పనిచేసేది ఇలాగే. లాఠీ కంటే కాగితం ఎక్కువ మందిని ఇంట్లో కూర్చోబెడుతుంది. అందుకే కాగితం సంగతి మనం కూడా నేర్చుకోవాలి.

హక్కు ఎక్కడ రాసి ఉంది?

రాజ్యాంగంలో 19వ అధికరణం ఉంది. అందులో 19(1)(ఎ) మాట్లాడే స్వేచ్ఛ. 19(1)(బి) శాంతియుతంగా, ఆయుధాలు లేకుండా గుమిగూడే హక్కు. ఇది కలెక్టరు గారో, డీఎస్పీ గారో మనకు దయతో ఇచ్చేది కాదు. అదే అధికరణంలో 19(3) కూడా చదవాలి. దేశ సార్వభౌమత్వం, సమగ్రత కోసం, శాంతిభద్రతల కోసం ఈ హక్కు మీద సహేతుకమైన ఆంక్షలు చట్టం ద్వారా పెట్టవచ్చు. ‘సహేతుకమైన’ అన్న మాటను గుర్తుపెట్టుకోండి. ఆంక్ష పెట్టిన వాడు కారణం చూపించాలి.

మన పెద్దలు ఈ హక్కు రాజ్యాంగంలోకి ఎక్కకముందే దాన్ని వాడారు. 1937–38లో ఆంధ్ర రైతులు ఇచ్ఛాపురం నుంచి మద్రాసు దాకా రైతు రక్షణ యాత్ర చేశారు. 130 రోజులు, 1500 మైళ్ల పైన నడక. దారి పొడుగునా ఊరూరా సభలు పెట్టి, రైతుల అర్జీలు పోగు చేసుకుని పోయి మద్రాసులో శాసనసభ ముందు పెట్టారు. అప్పుడు ఉన్నది తెల్లవాడి చట్టం. ఆ చట్టాల్లో ఒకటి ఇప్పటికీ మన మీద ఉంది. అదే 1861 పోలీసు చట్టం. 1857 తిరుగుబాటు అణచాక తెచ్చింది.

సెక్షన్ 30 అంటే ఏమిటి?

“జిల్లాలో సెక్షన్ 30 అమల్లో ఉంది, సభలు, ఊరేగింపులు నిషేధం” అని పేపర్లో తరచూ చూస్తుంటాం. అది చూసి సగం మంది జెండా మడిచేస్తారు. ఆ సెక్షన్‌లో ఉన్నదేమిటి? రోడ్ల మీద జరిగే సభలు, ఊరేగింపులు ఏ దారిన, ఏ వేళకు సాగాలో పోలీసు అధికారి చెప్పవచ్చు. అదుపు లేకపోతే శాంతికి భంగం కలగవచ్చని మేజిస్ట్రేట్ భావించిన సందర్భంలో, నిర్వాహకులు లైసెన్సుకు దరఖాస్తు చేసుకోవాలని నోటీసు ఇవ్వవచ్చు. షరతులతో లైసెన్సు ఇవ్వవచ్చు. దరఖాస్తుకు గానీ లైసెన్సుకు గానీ రుసుము లేదు. ఉల్లంఘిస్తే అదే చట్టం 32వ సెక్షన్ కింద 200 రూపాయల దాకా జరిమానా.

అంటే ఆ సెక్షన్ ఇచ్చింది సభను క్రమపద్ధతిలో పెట్టే అధికారం. సభలే ఉండకూడదనే అధికారం అందులో లేదు. కాలువకు తూము ఉన్నది నీళ్లు వంతుల ప్రకారం వదలడానికి. తూము నా చేతిలో ఉంది కాబట్టి ఈ కాలువకు నీళ్లే లేవంటే లస్కరును ఊరుకుంటామా?

ఇది నా సొంత కవిత్వం కాదు. 1972లో అహ్మదాబాద్ నుంచి వచ్చిన హిమ్మత్‌లాల్ షా కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం ఇదే చెప్పింది. రోడ్ల మీద సభలను నియంత్రించవచ్చు, కానీ ఇష్టం వచ్చినట్టు కాదనే అధికారం అధికారికి ఇవ్వడం చెల్లదంది.

మన రాష్ట్రం సంగతే చూడండి. 2022 డిసెంబరు 28న కందుకూరులో తొక్కిసలాట జరిగి 8 మంది చనిపోయారు. 2023 జనవరి 1న గుంటూరులో మరో ముగ్గురు పోయారు. మర్నాడే, జనవరి 2న, ప్రభుత్వం జీవో నంబరు 1 తెచ్చింది. ఈ 1861 చట్టాన్నే పట్టుకుని రోడ్ల మీద సభలకు అడ్డుకట్ట వేసింది. ప్రాణాలు పోయిన మాట నిజం. జాగ్రత్తలు పెట్టాల్సిన మాటా నిజం. కానీ ఆ సాకుతో అందరి నోరూ కట్టేయడం కుదరదు. 2023 మే 12న హైకోర్టు ఆ జీవోను కొట్టేసింది.

అమరావతి రైతుల పాదయాత్ర సంగతీ అంతే. 2021లో పోలీసులు అనుమతి లేదన్నారు. రైతులు హైకోర్టుకు వెళ్లారు. కోర్టు షరతులతో అనుమతించింది. నవంబరు 1న తిరుమల వైపు బయలుదేరారు. 2022లో అరసవల్లి యాత్రకూ మళ్లీ కాదన్నారు. మళ్లీ కోర్టే దారి ఇచ్చింది, 600 మంది మించకూడదని షరతు పెట్టి. రాజధాని విషయంలో మనలో ఎవరి అభిప్రాయం వాళ్లకు ఉండవచ్చు. నడిచే హక్కు మాత్రం అందరిదీ ఒకటే. ఇవాళ వాళ్లను ఆపితే బాగుందనుకున్న వాడిని రేపు ఆపుతారు.

చెల్లెమ్మా, నీ ప్రశ్నకు జవాబు ఇదీ. పర్మిషన్ లేదన్న మాట నోటితో చెబితే చెల్లదు. కారణం రాసి ఇమ్మని అడగాలి. ఆ కారణం సరైనది కాకపోతే హైకోర్టు ఉంది.

పాత 144, కొత్త 163

2024 జూలై 1 నుంచి కొత్త చట్టాలు వచ్చాయి. సెక్షన్ల నంబర్లు మారాయి. పాత 144 ఇప్పుడు భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 163. ఎస్సై గారు వేసేది కాదిది. జిల్లా మేజిస్ట్రేట్, సబ్ డివిజనల్ మేజిస్ట్రేట్ లేదా ప్రత్యేకంగా అధికారం పొందిన ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేట్ ఇవ్వాలి. కమిషనరేట్ ఉన్న చోట కమిషనర్‌కు ఆ అధికారం ఉంటుంది. ఉత్తర్వు రాతపూర్వకంగా ఉండాలి. ఎందుకు ఇస్తున్నారో వివరం అందులో ఉండాలి. రెండు నెలలకు మించి నడవదు. రాష్ట్ర ప్రభుత్వం పొడిగిస్తే మరో ఆరు నెలల వరకే.

2020 జనవరిలో అనురాధా భసీన్ కేసులో సుప్రీంకోర్టు ఈ సెక్షన్ గురించి చెప్పింది. న్యాయమైన అభిప్రాయాన్ని, అసమ్మతిని అణచడానికి దీన్ని వాడకూడదంది. ఉత్తర్వులను ప్రచురించాలంది. కాబట్టి “144 ఉంది, కదలండి” అంటే, “అయ్యా, ఉత్తర్వు కాపీ చూపించండి” అని మర్యాదగా అడగండి. ఉత్తర్వు నిజంగా ఉంటే మాత్రం అక్కడ పంతానికి పోవద్దు. దాన్ని కోర్టులో ప్రశ్నించాలి. రోడ్డు మీద తేల్చుకుందామంటే కేసులు పెరుగుతాయి తప్ప ఉత్తర్వు పోదు.

తెల్లవారుజామున తలుపు కొడితే

మమ్మల్ని ఆ రోజు తీసుకుపోయింది పాత 151 కింద అని తర్వాత తెలిసింది. ఇప్పుడది 170. ఒక మనిషి పోలీసులు నేరుగా కేసు పెట్టదగ్గ నేరం చేయబోతున్నాడని తెలిసి, అరెస్టు తప్ప దాన్ని ఆపే దారి లేదనిపిస్తే ముందస్తుగా అరెస్టు చేయవచ్చు. 24 గంటలకు మించి ఉంచకూడదు, వేరే కేసులో అవసరమైతే తప్ప. వినతిపత్రం ఇవ్వడం ఏ నేరం? కలెక్టరేట్‌లో ప్రతి సోమవారం అర్జీలు తీసుకుంటామని వాళ్లే బోర్డు పెడతారు కదా.

ఇక ‘హౌస్ అరెస్టు’. గృహ నిర్బంధం కోర్టు ఆదేశిస్తే ఉంటుంది. 170లో అరెస్టు అని ఉంది గానీ, గుమ్మం ముందు కానిస్టేబుల్‌ను కూర్చోబెట్టి మనిషిని ఇంట్లో ఉంచమని లేదు. అలా జరిగితే ఫోన్‌లో వీడియో తీయండి, టైము రాసుకోండి, “నన్ను అరెస్టు చేశారా? చేస్తే కాగితం ఇవ్వండి” అని అడగండి.

కొత్త చట్టంలో 172 అని ఒకటి వచ్చింది. పోలీసు అధికారి విధి నిర్వహణలో ఇచ్చే చట్టబద్ధమైన ఆదేశాన్ని పాటించకపోతే మనల్ని అక్కడి నుంచి తొలగించవచ్చు, నిర్బంధించవచ్చు. మేజిస్ట్రేట్ ముందు పెట్టాలి, చిన్న విషయమైతే 24 గంటల లోపు వదిలేయాలి. దీని దుర్వినియోగం ఎక్కువ కావచ్చు. ‘చట్టబద్ధమైన ఆదేశం’ అన్న మాట ఒక్కటే అందులో మనకు ఆసరా.

అరెస్టు చేస్తే మనకు ఉన్నవి ఏమిటి? ఇవి 1996లో డి.కె. బసు కేసులో సుప్రీంకోర్టు చెప్పినవి, రాజ్యాంగం 22వ అధికరణంలోనూ చట్టంలోనూ ఉన్నవి. అరెస్టు చేసే అధికారి పేరు కనిపించాలి. అరెస్టు మెమో రాయాలి, దాని మీద సాక్షి సంతకం ఉండాలి. కారణం చెప్పాలి. మనవాళ్లలో ఒకరికి కబురు చేయాలి. వకీలును కలవనివ్వాలి. ప్రయాణ సమయం కాకుండా 24 గంటల లోపు మేజిస్ట్రేట్ ముందు హాజరుపరచాలి. ప్రత్యేక పరిస్థితి ఉండి, మహిళా అధికారి మేజిస్ట్రేట్ ముందస్తు అనుమతి తీసుకుంటే తప్ప, సూర్యాస్తమయం తర్వాత, సూర్యోదయానికి ముందు ఆడవాళ్లను అరెస్టు చేయకూడదు.

బేడీల సంగతి చెప్పాలి. రైతుకు బేడీలు మామూలుగా వేయకూడదని 1980లోనే ప్రేమ్ శంకర్ శుక్లా కేసుతో తేలింది. అయినా 2017 మేలో ఖమ్మం మిర్చి రైతులను బేడీలతో కోర్టుకు తెచ్చారు. 2020లో అమరావతి ప్రాంత రైతులకు వేశారు. 2024 డిసెంబరులో లగచర్ల రైతును గుండెనొప్పి వస్తే సంగారెడ్డి ఆసుపత్రికి బేడీలతోనే తీసుకెళ్లారు. ప్రభుత్వాలు మారాయి, పార్టీలు మారాయి, బేడీలు మారలేదు. కొత్త చట్టం 43(3)లో హత్య, అత్యాచారం, ఉగ్రవాదం లాంటి తీవ్ర నేరాలకు, పదే పదే నేరాలు చేసేవాళ్లకు, తప్పించుకుపోయిన వాళ్లకు బేడీలు వేయవచ్చని రాశారు. ధాన్యం డబ్బు అడిగిన వాడు ఆ జాబితాలో లేడు.

మన వైపు తప్పు

ఇంతవరకు పోలీసుల గురించి చెప్పాను. ఇప్పుడు మన సంగతి. మొక్కజొన్న రేటు పడిపోయిన ఏడాది ఒక ఆఫీసు ముందు ధర్నా చేశాం. మూడు గంటలు బాగానే జరిగింది. ఎండ, ఆకలి, లోపలి నుంచి అధికారి బయటకు రాలేదు. వెనక నుంచి ఎవరో రాయి విసిరారు. కిటికీ అద్దం పగిలింది. రాయి ఒక్కటే, కేసు పదకొండు మంది మీద. చట్టవిరుద్ధంగా గుమిగూడారని ఒక సెక్షన్, ప్రభుత్వ ఆస్తి నష్టం అని ఇంకొకటి. గుంపులో ఒకరు చేసిన పని అందరి ఉద్దేశమే అని చెప్పడానికి పాత చట్టంలో 149 ఉండేది. ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో అది 190.

ఆ పదకొండు మందిలో మా ఊరి కుర్రాడు ఒకడున్నాడు. వాళ్ల నాన్నకు ఒంట్లో బాగోక, ఆయన బదులు వచ్చాడు. కానిస్టేబుల్ ఉద్యోగానికి పరుగు పందెం గెలిచి, రాత పరీక్షకు చదువుతున్నాడు. నాలుగేళ్లకు కేసు కొట్టేశారు. అప్పటికి వాడి వయసు దాటిపోయింది. ఇప్పుడు లారీ తోలుతున్నాడు. నేను కనిపిస్తే పలకరిస్తాడు, సంఘం ఊసు ఎత్తడు. ఆ రాయి ఎవరు వేశారో ఇప్పటికీ తెలియదు. మనవాడే కావచ్చు, మన మధ్యలోకి పంపినవాడు కావచ్చు. ఎవరు వేసినా తప్పు నిర్వాహకులదే, అంటే నాది. వెనక వరసలో ఒక్క వలంటీరును కూడా పెట్టలేదు.

రాస్తారోకో గురించి కూడా ఒక మాట. 2020 అక్టోబరులో షాహీన్‌బాగ్ కేసులో, ప్రజలు నడిచే దారిని నిరవధికంగా ఆక్రమించకూడదని సుప్రీంకోర్టు చెప్పింది. అదే ఏడాది డిసెంబరులో ఢిల్లీ సరిహద్దుల్లో ఉన్న రైతుల విషయంలో, అహింసగా ఉన్నంత వరకు వారి నిరసన హక్కులో జోక్యం చేసుకోమని చెప్పింది. ఆ రైతులు ఏడాది పైగా అక్కడ ఉన్నారు. చలికి, జబ్బులకు ఎందరో పోయారు. చివరకు 2021 నవంబరులో మూడు సాగు చట్టాలనూ పార్లమెంటు వెనక్కి తీసుకుంది. అంతకాలం వాళ్లను నిలబెట్టింది లంగర్లు, సొంత వలంటీర్లు, ఓపిక. ఎర్రకోట దగ్గర గొడవ జరిగిన ఒక్క రోజు, 2021 జనవరి 26న, ఉద్యమం ఎంత ప్రమాదంలో పడిందో మనం చూశాం.

ఇక మీదట మనం చేయాల్సినవి

ఒకటి. కార్యక్రమానికి వారం ముందే స్టేషన్‌కు, డీఎస్పీ ఆఫీసుకు లేఖ ఇవ్వండి. తేదీ, చోటు, వేళ, సుమారు ఎంతమంది, ఏ దారి, బాధ్యుల పేర్లు రాయండి. సెక్షన్ 30 నోటీసు ఉంటే దాన్నే లైసెన్సు దరఖాస్తుగా రాయండి. రెండో కాపీ మీద ముద్ర వేయించుకోండి. తీసుకోమంటే స్పీడ్ పోస్టులో పంపి రశీదు దాచండి. ముందు రోజు సాయంత్రం లేఖ ఇస్తే హైకోర్టుకు వెళ్లే వ్యవధి మనకే ఉండదు.

రెండు. రాజ్యాంగం ‘ఆయుధాలు లేకుండా’ అంది. కొడవలి, చేతి కర్ర మనకు పనిముట్లు, ఫొటోలో అవి ఆయుధాలు. ఇంటి దగ్గర పెట్టి రండి. జెండాకు సన్న వెదురు చాలు. మందు తాగి వచ్చిన వాడిని, ఎంత దగ్గరవాడైనా, ఇంటికి పంపండి.

మూడు. ముందు వరసలో ఇద్దరు, వెనక ఇద్దరు, పక్కల ఇద్దరు వలంటీర్లు. ఒకరి పని మొదటి నుంచి చివరి దాకా వీడియో తీయడం. అంబులెన్సుకు, పరీక్షకు వెళ్లే పిల్లలకు దారి ఇవ్వడం ఒకరి పని.

నాలుగు. స్టేషన్‌లో చదవకుండా సంతకం పెట్టకండి. చదువు రాకపోతే చదివి వినిపించమనండి. ఖాళీ కాగితం మీద అసలే పెట్టకండి. మెమో కాపీ అడగండి.

ఐదు. వకీలు ఫీజు భయంతో ఆగకండి. 1987 న్యాయ సేవల చట్టం కింద మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు, కస్టడీలో ఉన్నవారికి ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది. మండల స్థాయిలోనూ న్యాయ సేవా కమిటీలు ఉంటాయి. ఫోన్ నంబరు 15100. ఇంట్లో గోడ మీద రాసి పెట్టండి.

మొన్నటి రబీకి మళ్లీ గోతాల సమస్య వచ్చింది. ఈసారి వారం ముందే లేఖ ఇచ్చి ముద్ర వేయించుకున్నాం. అయినా తెల్లవారుజామున తలుపు కొట్టారు. నేను చొక్కా వేసుకుని, ఆ లేఖ కాపీ జేబులో పెట్టుకుని వెళ్లాను. మెమో అడిగాను. రెండు గంటలు వాదన. ఎవరూ కేక వేయలేదు. సాయంత్రం దాకా ఉంచారు, మెమో మాత్రం ఇచ్చారు. ఈలోగా మా ఆవిడతో పాటు నలభై మంది ఆడవాళ్లు బస్సెక్కి కలెక్టరేట్‌కు వెళ్లి వినతిపత్రం ఇచ్చేశారు. నాలుగో రోజు గోతాల లారీ వచ్చింది. సగం ఊరికే సరిపోయాయి. మిగతా సగానికి ఇంకోసారి వెళ్లాల్సి వచ్చింది. ఆ రెండోసారి తలుపు ఎవరూ కొట్టలేదు.

చివరగా ఒక విన్నపం. ఈ తరగతి అయ్యాక ఊళ్లకు వెళ్లి అందరికీ అన్నీ చెప్పలేకపోయినా, లేఖకు ముద్ర వేయించుకోవాలని, ఖాళీ కాగితం మీద సంతకం పెట్టకూడదని, ఈ రెండు మాటలు తప్పక చెప్పండి. ముఖ్యంగా ఇళ్లలో ఆడవాళ్లకు చెప్పండి. తెల్లవారుజామున తలుపు తీసేది వాళ్లే.